జామియా మసీదుకి పొద్దున్నే వెళ్లండి

అరసవల్లి దర్శనానికి వచ్చేవాళ్లు పనిలో పనిగా శ్రీకాకుళం ఊళ్లో ఉన్న జామియా మసీదు కూడా చూసి వెళ్లండి. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు (సైనికాధికారి) షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు.

ఎండెక్కక ముందే వెళ్తే మేలు. నమాజు మక్కా వైపు తిరిగి చేస్తారు, మక్కా మనకి పడమర దిక్కు కాబట్టి మన దగ్గర మసీదుల ముఖం తూర్పుకి ఉంటుంది. పొద్దుటి ఏటవాలు వెలుగు ముఖద్వారం మీదే పడి, కమానుల అంచులు, సున్నపు పనితనం ఎత్తుపల్లాలతో సహా కనిపిస్తాయి. నడినెత్తిన ఎండలో ఆ లోతు తెలీదు, ఫొటోలూ అంతే.

శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజు, ఆ వేళ వద్దు. చెప్పులు బయటే వదిలి, అక్కడున్న పెద్దల్ని ఒక మాట అడిగి లోపలికెళ్లండి. పడమటి గోడలో మక్కా దిక్కు చూపిస్తూ గూడులా ఉండే మిహ్రాబ్‌ని తీరిగ్గా చూడండి.