కంపెనీ టికెట్ అయినా మైల్స్ మీవే

సోంపేటలో మా టికెట్ల షాపుకి వచ్చేది ఎక్కువగా ఉద్దానం కుర్రాళ్లే. ఒకరు దుబాయ్‌లో వెల్డింగ్‌కి, ఇంకొకరు ఓడ మీదికి. "టికెట్ కంపెనీది కదన్నా, మైల్స్ నాకెందుకొస్తాయి?" అంటారు. మైల్స్ అంటే విమానం ఎక్కినందుకు ఎయిర్‌లైన్ మన ఖాతాలో వేసే పాయింట్లు, పోగైతే వాటితో ఫ్రీ టికెట్ తీసుకోవచ్చు. కొన్ని గ్రూప్ ఛార్జీల్లాంటివి తప్పిస్తే, డబ్బు ఎవరు కట్టినా సీట్లో కూర్చున్నవాడి ఖాతాలోనే పడతాయి. ఆ ఖాతా సభ్యత్వ నంబరు ఇవ్వాల్సింది మాత్రం మనమే. బుకింగ్‌లో లేకపోతే చెక్ఇన్ కౌంటర్‌లో చెప్పినా ఎక్కిస్తారు.

సభ్యత్వం ఉచితం. పేరు దగ్గర మాత్రం తొందరపడొద్దు. కొందరికి పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని, ఏ గడిలోది ఆ గడిలోనే కొట్టండి. ఖాతా పేరు, టికెట్ పేరు కలవకపోతే మైల్స్ పడవు.

లెక్కలు రెండుంటాయి. ఒకటి ఖర్చుపెట్టుకునే మైల్స్, రెండోది సిల్వర్, గోల్డ్ లాంటి సభ్యత్వ హోదా కోసం లెక్కపెట్టే టియర్ మైల్స్. మొదటివి వాడేసినా రెండోవి తగ్గవు. ఎమిరేట్స్‌లో ఇంచుమించు ఏడాదిలో 25,000 టియర్ మైల్స్ గానీ 25 ఫ్లైట్లు గానీ అయితే సిల్వర్, 50,000 అయితే గోల్డ్. సిల్వర్‌కి లగేజీ 12 కిలోలు అదనం. ఆవకాయ, పలాస జీడిపప్పు సర్దేవాళ్లకి లౌంజ్ (ఎయిర్‌పోర్టులో కూర్చునే ప్రత్యేక గది) కన్నా ఇదే గొప్ప. కానీ రెండేళ్లకోసారి ఇంటికొచ్చేవాళ్లు హోదా ఊసు మర్చిపోండి, అందదు. మామూలు మైల్స్ పోగేసుకోండి చాలు. అవీ దాచిపెడితే మూడేళ్లకి మురిగిపోతాయి. ఫ్రీ టికెట్ అన్నా పన్నులు చేతినుంచి కట్టాల్సిందే.

ఓడవాళ్ల సంగతి వేరు. కంపెనీ ప్రతిసారీ ఒక్కో ఎయిర్‌లైన్ ఎక్కిస్తుంది. ఎక్కిన ప్రతిదానికీ ఒక ఖాతా తెరిస్తే అన్నిట్లోనూ చిల్లరే మిగులుతుంది. ఎయిర్ ఇండియా, సింగపూర్, లుఫ్తాన్సా, టర్కిష్ అన్నీ స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల జట్టులోవే. ఒకదానిలో చేరి, నాలుగింట్లోనూ ఆ నంబరే ఇవ్వండి. అందులో గోల్డ్ వస్తే మిగతావాటిలోనూ లౌంజ్ ఉంటుంది, కిలోల లెక్కన లగేజీ తీసుకునే రూట్లలో 20 కిలోలు అదనం. ఖతార్ వన్‌వరల్డ్ జట్టు. ఎమిరేట్స్ ఏ జట్టులోనూ లేదు.

దిగగానే బోర్డింగ్ పాస్ పారేయకండి. మైల్స్ పడకపోతే ఎమిరేట్స్‌కి ఆరు నెలల్లోపు అడగాలి. దానికి 13 అంకెల టికెట్ నంబరు కావాలి, వాళ్లది 176తో మొదలవుతుంది. కాగితం పోతుందనుకుంటే ఫోటో తీసి ఇంట్లోవాళ్లకి వాట్సాప్ చేసేయండి.