కీమో అయిపోయింది, మరి ఈ మాత్రలు?

నాన్నకి లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. ఆర్-చాప్ కీమో, 21 రోజులకి ఒకటి చొప్పున 6 సైకిళ్లు. 5 రోజుల స్టెరాయిడ్ తప్ప ఇంటికి వచ్చేవన్నీ తోడు మందులే, అంటే కీమో వల్ల వచ్చే ఇబ్బందుల్ని ఆపేవి. నాలుగో సైకిల్‌కల్లా బిస్కెట్ల డబ్బా వాటితో నిండిపోయింది.

మీరు మొదటి రోజే మార్కర్ పెన్ను తీసుకుని ప్రతి స్ట్రిప్ వెనక రెండు మాటలు రాయండి: ఎందుకు, ఎప్పటిదాకా. ఆ రెండోది డాక్టర్ నోటితోనే చెప్పించుకోండి. నేను అడగలేదు. డిశ్చార్జి కాగితం మీద ప్రతిసారీ అదే లిస్టు వస్తుంటే అల్లోప్యూరినాల్ 300 రోజూ వేస్తూ పోయాను. కీమోకి గడ్డలు ఒక్కసారిగా కరిగేటప్పుడు యూరిక్ యాసిడ్ పెరగకుండా ఇచ్చేది అది. చాలామందికి మొదటి ఒకటి రెండు సైకిళ్లతో దాని పని అయిపోతుంది. నేను అడిగిన రోజు డాక్టర్ గారు రక్తపరీక్ష చూసి అక్కడికక్కడే దాన్ని లిస్టులోంచి కొట్టేశారు.

వాంతుల మాత్ర ఒన్‌డాన్సెట్రాన్ మాకు కీమో తర్వాత మూడు రోజులే. వికారం తగ్గినా వేస్తూ పోతే మలబద్ధకం. గ్యాస్ మాత్ర స్టెరాయిడ్ రోజులకేనా, రోజూనా అని అడగండి.

ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఇచ్చే సెప్ట్రాన్, ఎసైక్లోవిర్ మాత్రం కీమోతో పాటు ఆపేసేవి కావు. ఆర్-చాప్‌లోని రిటుక్సిమాబ్ అనే మందు తుడిచిపెట్టిన బి కణాలు (ఒక రకం తెల్లకణాలు) మళ్లీ రావడానికి నెలలు పడుతుంది. అందుకే తెల్లకణాల లెక్క బాగున్నా ఇవి ఇంకొన్ని నెలలు ఉంటాయి.

అన్నిటికంటే జాగ్రత్త హెపటైటిస్ బి వైరస్‌ని అణిచి ఉంచే ఎంటెకావిర్‌తో. నాన్నకి ఎప్పుడో హెపటైటిస్ బి వచ్చి పోయిందని కీమోకి ముందు చేసిన కోర్ యాంటీబాడీ పరీక్షలో తెలిసింది. ఈ మాత్ర చివరి రిటుక్సిమాబ్ తర్వాత కనీసం ఏడాది వేయాలి. మధ్యలో ఆపితే వైరస్ మళ్లీ లేచి లివర్ దెబ్బతినొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. క్యాన్సర్ మిగిలిందా అని చూసే పెట్ స్కాన్ క్లీన్‌గా వచ్చిన రోజు నాన్న డబ్బా నా ముందుకు తోసి, "ఇంక చాలురా, ఇవన్నీ పడేయ్" అన్నారు. ఆ సంతోషంలో కాదనడం ఎంత కష్టమో! నేనేమీ అనకుండా ఎంటెకావిర్ స్ట్రిప్ తిరగేసి చూపించాను. వెనక నా రాత: "లివర్‌కి. ఇంకో ఏడాది. అడగకుండా ఆపొద్దు."

నాన్న కళ్లజోడు తీసుకుని రెండుసార్లు చదివారు. మర్నాడు పరగడుపున తనే అడిగి వేసుకున్నారు. అది ఆపాక కూడా కొన్నాళ్లు లివర్ పరీక్షలుంటాయి. ఆ తేదీలు కూడా ఇప్పుడే రాయించుకోండి.