అరిగిన రూపాయా, అచ్చు సరిగా పడని రూపాయా: తేడా పట్టే విధానం

1786లో నెల్లూరు సమీపంలో పొలం దున్నుతున్న ఒక రైతుకు రోమన్ బంగారు నాణేలున్న చిన్న కుండ దొరికింది. చాలా నాణేలు కరిగించడానికే పోగా, మిగిలిన రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టినాల నాణేలలో కొన్ని నిన్న టంకశాల నుంచి వచ్చినంత కొత్తగానూ, కొన్ని అరిగిపోయి నగలకు తొలిచిన రంధ్రాలతోనూ ఉన్నాయని అప్పట్లోనే రాసిపెట్టారు. మన ఇంటి డబ్బాలో ఉన్న రూపాయి బిళ్ళలను చూసేటప్పుడూ ముందుగా తేల్చుకోవలసింది ఇదే: బొమ్మ మసకగా ఉండటానికి కారణం వాడకమా, టంకశాలా?

చూడటానికి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, కంసాలి తూకం, ఒక చిన్న అయస్కాంతం చాలు. నాణేన్ని అంచుల దగ్గర పట్టుకొని, కిటికీ పక్కన కూర్చుని, వెలుతురు ఏటవాలుగా పడేలా మెల్లగా తిప్పాలి; నెత్తిమీద ట్యూబులైటు వెలుగులో గీతలు, మెరుపు రెండూ దాక్కుంటాయి.

మొదట సంవత్సరం చదివి, దాని కింద టంకశాల గుర్తు వెతకాలి. ఇప్పటి నాణేలలో గుర్తు లేకపోతే కోల్‌కతా, వజ్రాకారం ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాదు, గుండ్రని చుక్క ఉంటే నోయిడా. చేతులు మారి అరిగిన నక్షత్రం చుక్కలా కనిపించి మోసం చేస్తుంది కనుక, మొనల జాడ కోసం భూతద్దంతో చూడకుండా నోయిడా అని రాసుకోకూడదు. సంవత్సరాన్నీ గుడ్డిగా నమ్మలేము: విక్టోరియా రాణి వెండి రూపాయిలపై 1862 అన్న అంకెనే 1874 వరకు ముద్రించారు, అందుకే ఆ రూపాయిలను సేకరించేవారు అంకెల చుట్టూ ఉన్న చుక్కలు లెక్కపెడతారు.

తరువాత చూడవలసింది రూపకల్పనలోని మార్పు. 1911 రూపాయిలపై అయిదో జార్జి బొమ్మ వేసుకున్న రాజవస్త్రం మీద చెక్కిన ఏనుగుకు తొండం పొట్టిగా ఉండి అది పందిలా కనిపించిందని అభ్యంతరాలు రావడంతో, 1912 నుంచి ఆ బొమ్మను సరిదిద్దారు. ఆ రెండు సంవత్సరాల రూపాయిలను పక్కపక్కన పెట్టి తొండం మీదనే చూపు నిలిపితే తేడా తెలుస్తుంది. ఇది అచ్చులోనే చేసిన మార్పు గనుక, 1911 రూపాయి ఎంత కొత్తగా ఉన్నా దాని తొండం పొట్టిగానే ఉంటుంది.

అసలు చిక్కు బలహీనమైన ముద్రతోనే వస్తుంది. ఇంకా ముద్ర పడని వట్టి లోహపు బిళ్ళను రెండు అచ్చుల మధ్య నొక్కినప్పుడు లోహం అచ్చులోని లోతైన గుంటల దాకా ఎక్కాలి. ఒత్తిడి చాలకపోయినా, అచ్చు అరిగినా, జిడ్డు పేరుకొని గుంట పూడుకుపోయినా సింహం జూలు, ధాన్యపు కంకిలోని గింజల వంటి ఎత్తైన భాగాలు మొండిగా మిగులుతాయి. అరుగుదల అయితే ఆ ఎత్తైన చోట్లు నున్నగా, చదునుగా, చుట్టుపక్కల కంటే వేరే రంగులో ఉంటాయి. ముద్ర బలహీనత అయితే అదే చోట బిళ్ళ అసలు గరుకుదనం, కొత్త మెరుపు నిలిచి ఉండి, పక్కన అక్షరాలు మాత్రం పదునుగా ఉంటాయి. ఒకోసారి నాణేన్ని తిప్పి చూస్తే వెనుక వైపున సరిగ్గా అదే స్థానంలో ఇంకొక మసక కనిపిస్తుంది. అలసిన అచ్చు మాత్రం అక్షరాల పాదాలను అంచు వైపు లాగినట్టు సన్నని చారలు మిగులుస్తుంది. ఒక్క నాణెంతో తీర్పు చెప్పడం తొందరపాటని నా అనుభవం. అదే సంవత్సరం, అదే గుర్తు ఉన్నవి మూడు నాలుగైనా ముందు పెట్టుకోవాలి.

లోహాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1983 తరువాతి 6 గ్రాముల రాగి నికెల్ రూపాయికీ, 1992 నుంచి వచ్చిన 4.85 గ్రాముల స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయికీ పనితనంలో పోలిక పెట్టకూడదు, ఎందుకంటే ఉక్కు గట్టిది, అచ్చును త్వరగా తినేస్తుంది. స్టీలు రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది, రాగి నికెల్‌ది అంటుకోదు. 1947 నాటి పులి బొమ్మ రూపాయి శుద్ధ నికెల్ కనుక అదీ అంటుకుంటుంది.

వెండి రూపాయిల విషయంలో చింతపండు జోలికి పోవద్దు. వరలక్ష్మీ వ్రతానికని మా మేనత్త ఇచ్చిన రూపాయిలను నేనే తోమి తళతళలాడించాను. దానితో పాత నలుపూ పోయింది, అరుగుదలకూ ముద్రకూ తేడా చెప్పే మెరుపూ పోయింది. నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్ళలో ఈ రూపాయిలు హారాలుగా గుచ్చినవి కూడా దొరుకుతాయి కాబట్టి, చివరగా గోరును అంచు గాట్ల మీద చుట్టూ నడిపించాలి. రాజు తల పైన ఒక్కచోట గాట్లు మాయమై నున్నగా తగిలితే, అక్కడ ఒకప్పుడు కొక్కెం అతికించి తరువాత అరగదీశారన్నమాట. ఆ లోపాన్ని టంకశాల ఖాతాలో రాయకూడదు.