గన్నవరంలో విమానం ఎక్కేవారికి చలికాలం జాగ్రత్తలు

గన్నవరం, అంటే విజయవాడ విమానాశ్రయం, నుంచి హైదరాబాదుకు గాలిలో దూరం సుమారు 260 కిలోమీటర్లు. టికెట్టు మీద గంట, గంటా పది నిమిషాలు అని ఉంటుంది. ఢిల్లీ దాదాపు 1,400 కిలోమీటర్లు, రెండుంబావు గంటల పైమాట. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ అంకెలను నమ్ముకుని పని పెట్టుకోకండి.

కారణం పొగమంచు. విమానాశ్రయం చుట్టూ పొలాలు, కాలువలు. రాత్రి మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉంటే నేల త్వరగా చల్లబడి, ఆ తేమంతా తెల్లవారేసరికి తెరలా నిలుస్తుంది. రన్‌వే కనిపించక విమానాలు పైన చక్కర్లు కొడతాయి, ఒక్కోసారి హైదరాబాదుకు తిరిగి వెళ్లిపోతాయి. మనం ఉదయం ఎక్కవలసింది చాలాసార్లు అప్పుడే వేరే ఊరి నుంచి వచ్చే విమానం. అది దిగితేనే మన ప్రయాణం. ఎండెక్కాక మంచు విడుతుంది కాబట్టి పదకొండు తర్వాత బయలుదేరే విమానం చూసుకోండి. ఢిల్లీ నుంచి రావలసిన విమానమైతే అక్కడి మంచు సంగతి కూడా కనుక్కోవాలి.

అన్నిటికంటే నేను భయపడేది హైదరాబాదులో విమానం మారేవారి గురించి. మా మేనల్లుడు చదువుకు విదేశం వెళ్తూ రెండు టికెట్లు విడివిడిగా కొన్నాడు. మధ్యలో నాలుగు గంటలు ఉన్నాయి కదా అనుకున్నాం. మూడున్నర గంటలు గన్నవరంలోనే గడిచిపోయాయి, విదేశీ విమానం అందలేదు. వాళ్ల అమ్మ అప్పు తెచ్చి కొన్న టికెట్టు అది, పైసా తిరిగి రాలేదు. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టులో ఉంటే తర్వాతి విమానం చూపించే బాధ్యత సంస్థది. విడి టికెట్లయితే నష్టం మనదే. అలాంటప్పుడు ముందు రోజే శంషాబాద్ చేరండి, ఒక రాత్రి గది అద్దెకు వెనకాడవద్దు.

గుంటూరు వారికి దారే 50 కిలోమీటర్లకు పైన. కాజ టోల్‌గేటు, వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు, ఎక్కడైనా వాహనాలు ఆగిపోవచ్చు. సామాను తీసుకునే కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. నాలుగు గంటల ముందు ఇల్లు వదలండి, సంక్రాంతి వారంలో ఇంకో అరగంట కలుపుకోండి. మంచులో డ్రైవరును తొందరపెట్టవద్దు. రోడ్డు పక్కన ఆపిన లారీ దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు.

కారం పొడి, నెయ్యి, పచ్చళ్లు చేతిసంచిలో పెట్టకండి, తనిఖీలో ఆపేస్తారు. గట్టిగా మూతవేసి పెద్ద పెట్టెలో సర్దండి. పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

హైదరాబాదు వంటి దగ్గరి ప్రయాణాల్లో విమానం రెండు గంటలు ఆలస్యమైతే ఫలహారం అడగండి, అది మన హక్కు. ఆలస్యం ఆరు గంటలు దాటేలా ఉంటే వేరే విమానం గానీ డబ్బు వాపసు గానీ కోరవచ్చు. వాతావరణం వల్ల జరిగినదానికి నష్టపరిహారం మాత్రం ఇవ్వరు. పెద్దవాళ్లు వెంట ఉంటే వారి బీపీ, షుగరు మాత్రలు, ఒక శాలువా పెట్టెలోకి పోకుండా చూడండి.