ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్‌కు దరఖాస్తు: ఫారం నింపే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి, తర్వాత ఏం జరుగుతుంది

ఐఎస్ఓ 9001 అంటే సంస్థల నాణ్యతా నిర్వహణ వ్యవస్థకు అంతర్జాతీయ ప్రమాణం. దాని సర్టిఫికెట్‌ను ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ఇవ్వదు. జెనీవాలోని ఆ సంస్థ ప్రమాణాలు రాసి ప్రచురిస్తుంది, అంతవరకే. మీ దగ్గరకు వచ్చి ఆడిట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చేది ధ్రువీకరణ సంస్థ. ఆ సంస్థకు అంత సత్తా ఉందా అని తేల్చి గుర్తింపు (అక్రెడిటేషన్) ఇచ్చేది అక్రెడిటేషన్ సంస్థ. కాబట్టి దరఖాస్తు వెళ్లాల్సింది ధ్రువీకరణ సంస్థకు. పంపే ముందు రెండు విషయాలు చూసుకోండి: దానికి అక్రెడిటేషన్ ఉందా, ఉంటే మీ వ్యాపార రంగానికి కూడా ఉందా. ఆహార తయారీకి అక్రెడిటేషన్ ఉన్న సంస్థకు నిర్మాణ రంగంలోనూ ఉంటుందన్న గ్యారంటీ లేదు. అక్రెడిటేషన్ సంస్థ వెబ్‌సైట్‌లో ఆ జాబితా ఉంటుంది. సేల్స్ ప్రతినిధి చూపించే కాగితాన్ని నమ్మడం కన్నా అక్కడ చూసుకోవడం మేలు.

'కన్సల్టెన్సీ, సర్టిఫికెట్ రెండూ మేమే ఇస్తాం' అనే చోట ఆగిపోండి. ధ్రువీకరణ సంస్థలు పాటించాల్సిన ఐఎస్ఓ/ఐఈసీ 17021-1 ప్రకారం అలా చేయకూడదు. ఆడిట్ లేకుండా రెండు రోజుల్లో సర్టిఫికెట్ అనేవాళ్ల గురించి చెప్పనక్కర్లేదు. ఆ కాగితాన్ని పెద్ద కొనుగోలుదారు ఎవరైనా సరిచూసిన రోజున డబ్బుతోపాటు పరువూ పోతుంది.

ఎప్పుడు దరఖాస్తు చేయాలి

ఇన్ని నెలల రికార్డులు ఉండాలని ప్రమాణంలో ఎక్కడా లేదు. అయినా స్టేజ్ 2 ఆడిట్ (పని జరిగే తీరును చూసే రెండో దశ) నాటికి వ్యవస్థ నడుస్తున్నట్టు కాగితం మీద కనబడాలి కాబట్టి, కనీసం మూడు నెలల రికార్డులు చేతిలో ఉంచుకోవడం మంచిది. ఇంటర్నల్ ఆడిట్ (మీ వ్యవస్థను మీరే తనిఖీ చేసుకోవడం) ఒక విడత, మేనేజ్‌మెంట్ రివ్యూ (యాజమాన్యం చేసే సమీక్ష) ఒకసారి పూర్తయి ఉండాలి. ఈ రెండూ లేకుండా వెళ్తే స్టేజ్ 1 (సన్నద్ధత చూసే మొదటి దశ) దగ్గరే బండి ఆగుతుంది.

చాలామంది క్వాలిటీ మాన్యువల్‌తో మొదలుపెడతారు. 2015 కూర్పు నుంచి మాన్యువల్ తప్పనిసరి కాదు. మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ అనే పదవి కూడా ప్రమాణం అడగదు. రాసి ఉంచమని అడిగేవి ప్రధానంగా మూడు: పరిధి (క్లాజు 4.3), నాణ్యతా విధానం (5.2), నాణ్యతా లక్ష్యాలు (6.2). వీటితోపాటు పని సవ్యంగా నడవడానికి ఏయే పత్రాలు కావాలో మీరే నిర్ణయించుకోవాలి. మిగతావన్నీ రికార్డులు, అంటే పని జరిగిందనడానికి రుజువులు. ఎక్కడో కొన్న టెంప్లేట్ల ఫోల్డర్‌లో మీ సంస్థ పేరు మార్చి పెట్టుకుంటే, మీరు చేయని పనులకు కూడా మాట ఇచ్చినట్టవుతుంది. 'ప్రతి సరఫరాదారును మూడు నెలలకోసారి మదింపు చేస్తాం' అని అందులో ఉంటే ఆడిటర్ ఆ మదింపునే అడుగుతారు. ఏడాదికోసారి చాలనుకుంటే ఏడాదికోసారి అనే రాయండి.

దరఖాస్తుకు ముందు చేయాల్సిన అసలు పరీక్ష

ఆడిటర్ ఫైళ్లను మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోరు. పంపేసిన ఆర్డర్ ఒకటి తీసి దాని వెంట నడుస్తారు. అదే పని ముందుగా మీరు చేయండి. ఈ మధ్య పంపిన ఆర్డర్లు మూడు తీసుకోండి. ఒకటి మామూలుది, ఒకటి మధ్యలో మార్పు జరిగింది, ఒకటి ఫిర్యాదు వచ్చింది. ఆర్డర్ ఒప్పుకునే ముందు 'చేయగలమా' అని చూసిన ఆధారం ఉందా? ముడిసరుకు ఎవరి దగ్గర కొన్నారు, ఆ సరఫరాదారును ఏ ప్రాతిపదికన ఎంచుకున్నారు? తనిఖీ రికార్డు మీద ఎవరి సంతకం ఉంది, ఆ వ్యక్తికి ఆ పని వచ్చనడానికి రుజువేది? కొలిచిన పరికరం ఏది, దాని క్యాలిబ్రేషన్ (కొలత సరిగ్గా చూపుతోందా అనే పరీక్ష) ఎప్పుడు జరిగింది? సరుకు వదలడానికి అనుమతించింది ఎవరు? ఈ గొలుసులో ఎక్కడ తెగితే అక్కడ మీ పని మిగిలి ఉందన్నమాట.

ఎక్కువగా తెగేది పరికరాల దగ్గర. భాగాల పొడవు, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ ఒకటి తీసుకుందాం. స్టిక్కర్ ఉంది, సర్టిఫికెట్ ఉంది, గడువు దాటలేదు. సర్టిఫికెట్ లోపల మాత్రం 100 మి.మీ. దగ్గర పొరపాటు 0.06 మి.మీ. అని ఉంది. ఆ పరికరంతో కొలిచే భాగానికి డ్రాయింగ్ ఒప్పుకునే తేడా 0.05 మి.మీ. మాత్రమే. ల్యాబ్ తన పని సరిగ్గానే చేసింది. వచ్చిన కాగితాన్ని చదివి 'ఇది మన పనికి సరిపోతుందా' అని తేల్చినవాళ్లే లేరు. క్లాజు 7.1.5 అడిగేది ఆ తేల్చడాన్నే. పైగా పరికరం పనికిరాదని తేలితే, దాంతో అంతకుముందు కొలిచిన సరుకు సంగతేమిటో కూడా చూడాలి. ప్రతి సర్టిఫికెట్ మీద 'చూశాం, ఫలానా పనికి సరిపోతుంది' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టే అలవాటు చేసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇంటర్నల్ ఆడిట్‌లో ఎవరి విభాగాన్ని వాళ్లే ఆడిట్ చేసుకుంటే నిష్పాక్షికత పోయినట్టే. చిన్న సంస్థలో ఇద్దరుంటే ఒకరి పనిని మరొకరు చూడొచ్చు. ఒక్క లోపమూ దొరకని రిపోర్టు ఆడిటర్‌కు సంతోషం కలిగించదు, అనుమానం కలిగిస్తుంది. మేనేజ్‌మెంట్ రివ్యూ మినిట్స్‌లో క్లాజు 9.3.2 అడిగే అంశాలన్నీ రావాలి. సరఫరాదారుల పనితీరు, వనరులు సరిపోతున్నాయా, రిస్కుల మీద తీసుకున్న చర్యలు ఫలించాయా అనే మూడింటినీ తరచూ మర్చిపోతారు. 2024 ఫిబ్రవరి సవరణతో వాతావరణ మార్పు మీ వ్యాపారానికి సంబంధించిన అంశమా కాదా అన్నది కూడా క్లాజు 4.1 కింద తేల్చాలి. కాదని తేల్చినా తప్పులేదు, ఆలోచించి తేల్చినట్టు కనబడితే చాలు.

ఫారంలో జాగ్రత్తగా నింపాల్సినవి

ఫారం నింపడానికి అరగంట చాలు. కానీ అందులో మీరిచ్చే సమాచారాన్ని బట్టే ఆడిట్ ఎన్ని రోజులు, ఏ ఆడిటర్ వస్తారు, సర్టిఫికెట్ మీద ఏం అచ్చవుతుంది అన్నవి తేలతాయి.

పరిధి: మీరు చేసే పనిని మాత్రమే రాయండి. 'తయారీ, అమ్మకం, సర్వీసు' అని రాసి సర్వీసు రికార్డు ఒక్కటీ చూపలేకపోతే ఆ మాట కొట్టేస్తారు. డిజైన్ మీరు చేయకపోతే క్లాజు 8.3 వర్తించదని చెప్పొచ్చు, కారణం మాత్రం రాయాలి. కస్టమర్ చెప్పిన అవసరాన్ని బట్టి డ్రాయింగ్ మీరే గీస్తుంటే అది డిజైనే. బయట చేయించే పనిని, ఉదాహరణకు ప్లేటింగ్‌ను (లోహపు పూతను), వర్తించదని వదిలేయడానికి వీల్లేదు. పని బయట జరిగినా దాని మీద నియంత్రణ బాధ్యత మీదే.

సిబ్బంది సంఖ్య: పరిధిలో పనిచేసే కాంట్రాక్టు మనుషులు, పార్ట్‌టైం వాళ్లు, అన్ని షిఫ్టులూ చెప్పాలి. ఆడిట్ రోజుల లెక్కకు ఐఏఎఫ్ (ఇంటర్నేషనల్ అక్రెడిటేషన్ ఫోరం) వెలువరించిన ఎండీ 5 అనే పత్రమే ఆధారం. దాని ప్రకారం స్టేజ్ 1, స్టేజ్ 2 కలిపి 5 మంది వరకు ఒకటిన్నర రోజు, 16 నుంచి 25 మందికి 3 రోజులు, 26 నుంచి 45కు 4, 86 నుంచి 125కు 7. పని స్వభావాన్ని బట్టి ఇది పెరగొచ్చు, తగ్గొచ్చు. తగ్గింపు మాత్రం 30 శాతం దాటకూడదు. వంద మంది ఉన్న యూనిట్‌కు ఒక్క రోజు ఆడిట్ అని కొటేషన్ వస్తే సంగతి అర్థం చేసుకోండి. ఫీజు తగ్గుతుందని సంఖ్య తగ్గించి రాసేవాళ్లూ ఉంటారు. హాజరు పట్టీ చూడగానే అది బయటపడుతుంది, రోజులు మళ్లీ లెక్కేస్తారు.

వీటితోపాటు అన్ని ప్రదేశాల చిరునామాలు, వర్తించే చట్టపరమైన బాధ్యతలు, బయట చేయించే పనులు, కన్సల్టెంట్ ఉంటే ఎవరన్నది కూడా అడుగుతారు. కన్సల్టెంట్ సంగతి దాచాల్సిన పని లేదు. ఆడిటర్‌కూ కన్సల్టెంట్‌కూ సంబంధం లేదని నిర్ధారించుకోవడానికే ఆ ప్రశ్న.

స్టేజ్ 1, స్టేజ్ 2

స్టేజ్ 1లో మీ పత్రాలు, మీ ప్రదేశం, మీ సన్నద్ధత చూస్తారు. ఇక్కడ రాసే ఆందోళనకర అంశాలను సరిచేయకపోతే స్టేజ్ 2లో అవే నాన్ కన్ఫార్మిటీలు (ప్రమాణానికి తగ్గట్టు లేని లోపాలు) అవుతాయి. అందుకే రెండూ వరుస రోజుల్లో పెట్టించుకోకండి, సరిదిద్దుకునేంత ఎడం ఉంచండి. ఆడిటర్ల పేర్లు ముందే తెలుసుకోవచ్చు. మీ పోటీదారు దగ్గర పనిచేసినవాళ్లయితే అభ్యంతరం చెప్పొచ్చు.

స్టేజ్ 2లో పనిచేసే చోటికి వచ్చి మనుషులతో మాట్లాడతారు. లోపం మేజర్ (వ్యవస్థనే దెబ్బతీసేంత పెద్దది) అయితే దిద్దుబాటు జరిగిందని సరిచూశాకే సర్టిఫికెట్ నిర్ణయం. మైనర్ (చిన్నది) అయితే మీ దిద్దుబాటు ప్రణాళికను ఆమోదించడం సరిపోతుంది. స్టేజ్ 2 చివరి రోజు నుంచి 6 నెలల్లోగా మేజర్ లోపం సరిదిద్దినట్టు ధ్రువీకరణ సంస్థ నిర్ధారించుకోలేకపోతే స్టేజ్ 2 మళ్లీ చేయాల్సిందే.

లోపాలకు మీరు పంపే జవాబులు వెనక్కి రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఒక బ్యాచ్‌కు వేరే ఉత్పత్తి లేబుల్ అంటుకుందనుకోండి. 'లేబుల్ మార్చాం, సిబ్బందికి శిక్షణ ఇచ్చాం' అని పంపుతారు. లేబుల్ మార్చడం అప్పటికి సర్దుబాటు మాత్రమే, కారణం అలాగే ఉంది. రెండు ఉత్పత్తుల లేబుళ్లు ఒకే ట్రేలో ఎందుకున్నాయి? బ్యాచ్ మారేటప్పుడు పాత లేబుళ్లు తీసేసే అంశం చెక్‌లిస్టులో ఎందుకు లేదు? ఆ అంశం చేర్చి, మిగతా లైన్లలోనూ ఇదే పరిస్థితి ఉందేమో చూసి, తర్వాతి బ్యాచ్‌లు నింపిన చెక్‌లిస్టులు జతచేస్తే అది కరెక్టివ్ యాక్షన్, అంటే కారణాన్ని తొలగించే దిద్దుబాటు చర్య.

ఆడిటర్ సిఫారసే చేస్తారు. సర్టిఫికెట్ ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఆడిట్‌లో పాల్గొననివాళ్లు నిర్ణయిస్తారు. కాబట్టి ముగింపు సమావేశంలో 'సిఫారసు చేస్తున్నాం' అనగానే లెటర్‌హెడ్ మీద ధ్రువీకరణ గుర్తు వేయించేయకండి.

వచ్చాక

సర్టిఫికెట్ మూడేళ్ల చక్రంలో నడుస్తుంది. మొదటి సర్వెలెన్స్ ఆడిట్ (వ్యవస్థ ఇంకా నడుస్తోందా అని మధ్యలో చూసేది) సర్టిఫికేషన్ నిర్ణయ తేదీ నుంచి 12 నెలల్లోపు జరిగి తీరాలి. దానికి పట్టే సమయం మొదటి ఆడిట్‌లో సుమారు మూడో వంతు, రీసర్టిఫికేషన్‌కు (మూడేళ్ల చివర సర్టిఫికెట్ పొడిగించే ఆడిట్‌కు) సుమారు మూడింట రెండు వంతులు. ఫీజు మాట్లాడేటప్పుడే మూడేళ్ల మొత్తం అడగండి.

ధ్రువీకరణ గుర్తును ఉత్పత్తి మీద గానీ ప్యాకింగ్ మీద గానీ వేయకూడదు. సర్టిఫికెట్ మీ నిర్వహణ వ్యవస్థకు, వస్తువుకు కాదు. ఐఎస్ఓ సొంత లోగోను అసలెక్కడా వాడకూడదు.

గడువు ముగియడానికి మూడు నెలల ముందే రీసర్టిఫికేషన్ ఆడిట్ పెట్టించుకోండి, లోపాలు వస్తే మూయడానికి సమయం దొరుకుతుంది. గడువు దాటితే, మిగిలిన పనులు 6 నెలల్లోపు పూర్తిచేస్తే పునరుద్ధరిస్తారు. అదీ దాటితే కనీసం స్టేజ్ 2 మళ్లీ జరగాలి. పునరుద్ధరించినా అమలు తేదీ కొత్త నిర్ణయం నాటిదే అవుతుంది, ముగింపు తేదీని మాత్రం పాత చక్రాన్ని బట్టే లెక్కేస్తారు. మధ్యలో సర్టిఫికెట్ లేని రోజులు అందులో స్పష్టంగా కనబడతాయి, టెండర్ పరిశీలించేవాళ్లు ముందు చూసేది ఆ తేదీలనే.