బరోక్ కట్టడాల ఫొటోలు ఎందుకు చెడతాయి: సమస్య - పరిష్కారం

రోమ్‌లో సాంతిన్యాజియో చర్చి, వియన్నాలో కార్ల్స్‌కిర్షె, మన దగ్గరైతే పాత గోవాలో బొం జీసస్ బసిలికా. ఎదురుగా నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది, ఇంటికొచ్చి ఫొటో చూస్తే ఏదో లోటు. నూటికి తొంభైసార్లు తప్పు కెమెరాది కాదు, నిలబడిన చోటుది. బరోక్ (పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల ఐరోపా ఆడంబర నిర్మాణ శైలి) శిల్పులు చూసేవాడు ఎక్కడ నిలబడాలో, వెలుతురు ఏ వైపు నుంచి పడాలో ముందే లెక్కగట్టి కట్టారు. అందుకే కింద చెప్పిన పరిష్కారాల్లో సగం సెట్టింగులు కావు, నాలుగడుగులు అటో ఇటో జరగడమే.

కట్టడం అట్టముక్కలా చదునుగా వచ్చింది

బరోక్ ముఖభాగంలో గోడ తిన్నగా ఉండదు. ముందుకు ఉబుకుతుంది, వెనక్కి వంగుతుంది, స్తంభం పక్కన స్తంభం, దాని మీద చూరు. ఈ ఎత్తుపల్లాలు కంటికి తెలిసేది నీడల వల్లే. ఎండ మీ వీపు వెనక నుంచి సూటిగా గోడ మీద పడితే నీడలన్నీ వస్తువుల వెనక దాక్కుంటాయి. మబ్బు పట్టినా అంతే. పక్క నుంచి ఏటవాలుగా పడే ఎండ కావాలి.

కాబట్టి ముందు దిక్కు చూసుకోండి. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ బసిలికా ముఖం తూర్పుకి ఉంది. రోమ్‌లోని పియాజ్జా నవోనా చౌకులో సాంతాన్యేసె చర్చిదీ తూర్పు ముఖమే. తూర్పు ముఖం అనగానే పొద్దున 7 గంటలకే పరిగెత్తుతారు. ఆ వేళ రంగు బంగారంలా ఉంటుంది, జనం ఉండరు, కానీ ఎండ మొహాన సూటిగా కొడుతుంది. సూర్యుడు దక్షిణానికి జరిగాక, అంటే మిట్టమధ్యాహ్నానికి ఓ రెండు గంటల ముందు నుంచి, నీడలు సాగడం మొదలవుతుంది. ఐరోపాలో వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు గనక అది 11 నుంచి 12.30 మధ్య పడుతుంది. సాయంత్రం వెళ్తే సూర్యుడు కట్టడం వెనకే ఉంటాడు: ఆకాశం తెల్లగా, చర్చి నల్లగా.

బొం జీసస్ ముఖం పడమరకి. ఉదయం టూరిస్టు బస్సు దింపే వేళకి గోడంతా నీడలో ఉంటుంది. దాని మీద గచ్చు లేదు, ఎర్రటి లాటరైట్ రాయి బయటికే కనిపిస్తుంది. మధ్యాహ్నం 2 నుంచి 3.30 మధ్య ఎండ ఆ రాతి గరుకును గీసుకుంటూ వెళ్తుంది, తీయాల్సింది అప్పుడు. రోడ్డుకి అవతల ఉన్న సే కెథెడ్రల్ తూర్పు ముఖం. ఉదయం అది, భోజనం చేసొచ్చాక ఇది. వరస తిప్పితే రెండూ చెడతాయి.

వియన్నా కార్ల్స్‌కిర్షెది కష్టమైన కేసు. ముఖం ఉత్తరం వైపు ఉండటంతో పగలంతా వెలుతురు దాని వెనకే. దీనికి మందు సూర్యాస్తమయం తర్వాత 20-30 నిమిషాలు. ఆకాశం ముదురు నీలంగా మారి, కట్టడం మీది దీపాల వెలుగుతో సమానంగా ఉండే కొద్దిసేపు అది. ముందున్న కొలనులో ప్రతిబింబం కావాలంటే కెమెరాను నీటికి జానెడు ఎత్తులోకి దించండి. నిలబడి తీస్తే గుమ్మటం సగం తెగిపోతుంది.

గోడలు వెనక్కి ఒరిగి, పైన దగ్గరికి వస్తున్నాయి

కెమెరాను పైకెత్తారు, అదే కారణం. సెన్సర్ గోడకి సమాంతరంగా లేకపోతే నిలువు గీతలు పైన కలుసుకోవాలని చూస్తాయి. సందు ఇరుకైనకొద్దీ ఎక్కువ ఎత్తాల్సి వస్తుంది. రోమ్‌లో బొర్రోమీని కట్టిన సాన్ కార్లో చర్చి సరిగ్గా ఇరుకు నాలుగు రోడ్ల కూడలిలో ఉంది. వెనక్కి జరగడానికి అవతలి ఫుట్‌పాత్ తప్ప చోటు లేదు.

మార్గాలు మూడు. వీలైనంత వెనక్కి వెళ్లి, కెమెరా లెవెల్‌గా పట్టుకుని, నేల ఎక్కువ వచ్చినా సరే నిలువు ఫ్రేములో తీసి కింద కత్తిరించడం ఒకటి. 24 మెగాపిక్సెల్ ఫైల్‌లో మూడో వంతు కత్తిరించినా 16 మిగులుతుంది, గోడకి పెట్టుకునే పెద్ద ప్రింటుకి చాలు. రెండోది సాఫ్ట్‌వేర్: లైట్‌రూమ్‌లో ట్రాన్స్‌ఫార్మ్ కింద ‘గైడెడ్’ తీసుకుని రెండు స్తంభాల అంచుల మీద గీతలు గీయండి, ఫోన్‌లోనైతే స్నాప్‌సీడ్‌లో పర్‌స్పెక్టివ్. సరిదిద్దితే అంచులు తెగుతాయి కాబట్టి తీసేటప్పుడే రెండు పక్కలా పదిహేను శాతం ఖాళీ వదలాలి. మరీ ఎక్కువ ఎత్తి తీసినదాన్ని పూర్తిగా నిటారు చేస్తే కట్టడం తల బరువెక్కి ముందుకు పడేలా అనిపిస్తుంది. అక్కడ ఎనభై శాతం దగ్గర ఆపడం మేలు. మూడోది టిల్ట్-షిఫ్ట్ లెన్స్, అంటే కెమెరా ఎత్తకుండానే లెన్సును పైకి జరిపి గీతలు నిటారుగా ఉంచేది. కట్టడాలే మీ పని అయితే తప్ప అంత ఖర్చు అక్కర్లేదు.

ఫోన్‌లో 0.5 నొక్కితే అంతా పడుతుంది, నిజమే. కానీ మూలల్లో ఉన్న దేవదూతల తలలు సాగిపోతాయి. విగ్రహాలు అంచుల్లో పడుతుంటే 1 దగ్గరే ఉంచి, ఫోన్ అడ్డంగా పట్టుకుని కింది నుంచి పైకి పనోరమా తీయండి.

సెయింట్ పీటర్స్ ప్రాంగణంలో స్తంభాలు అడవిలా కలగాపులగంగా ఉన్నాయి

1656-67 మధ్య బెర్నీని కట్టిన ఆ వరండాల్లో 284 స్తంభాలు, నాలుగేసి వరసలు. ఎక్కడి నుంచి చూసినా గందరగోళమే, రెండు బిందువుల నుంచి తప్ప. మధ్యలోని రాతి స్తంభానికీ, అటూ ఇటూ ఉన్న ఫౌంటెన్లకీ నడుమ నేలలో గుండ్రటి పలకలు ఉంటాయి. ఒక్కో పలక దాని వైపు వరండాకి కేంద్రం. అక్కడ నిలబడి దగ్గరి వరండాని చూస్తే నాలుగు వరసలూ ఒకే వరసగా మారిపోతాయి.

పలక మీద నిలబడీ తప్పే తీసేవాళ్లున్నారు. పలక మీద ఉండాల్సింది మీ కాళ్లు కాదు, లెన్సు. ఫోన్‌ని చేయి చాచి పట్టుకుంటే అది కేంద్రం నుంచి అరమీటరు ముందుకి పోయినట్టే, వెనక వరసలు సందుల్లోంచి తొంగి చూస్తాయి. ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని, వెనక స్తంభాలు పూర్తిగా మాయమయ్యేదాకా బెత్తెడు బెత్తెడు జరగండి.

పైకప్పు చిత్రంలో స్తంభాలు పక్కకి కూలుతున్నట్టున్నాయి

సాంతిన్యాజియో పైకప్పు మీద ఆంద్రేయా పొజ్జో 1690ల తొలి ఏళ్లలో గీసిన స్తంభాలూ కమానులూ అసలు లేనివి. ఉన్నది వంపు తిరిగిన కప్పు, దాని మీద రంగు. ఆ గీతలన్నీ ఒకే బిందువు వైపు పరిగెత్తుతాయి, ఆ బిందువుకి సరిగ్గా కింద, నడి హాలు నేలలో ఒక పాలరాతి బిళ్ల పొదిగి ఉంటుంది. ఆ బిళ్ల నుంచి తప్పితే రాతి గోడ ఆగే చోటూ రంగు మొదలయ్యే చోటూ బయటపడిపోతాయి.

చేయాల్సింది: కెమెరాను బిళ్ల మీద వెల్లకిలా పెట్టండి. లెన్సు సూటిగా ఆకాశం వైపు, టైమర్ 2 సెకన్లు. ఫోన్‌ని చేత్తో పట్టుకుని తీస్తే కెమెరా సెట్టింగుల్లో లెవెల్ (పాత ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌లో గ్రిడ్) ఆన్ చేయండి, ఐఫోన్‌లో రెండు ప్లస్ గుర్తులు వస్తాయి, అవి కలిస్తే ఫోన్ సమతలంగా ఉన్నట్టు. ట్రైపాడ్ తెరిస్తే ఇలాంటి చర్చిల్లో ఆపేస్తారు. నేల మీద పెట్టిన ఫోనుకి సాధారణంగా ఎవరూ అడ్డుచెప్పరు, కాకపోతే నడిచేవాళ్లు తొక్కకుండా పక్కనే కాపలా ఉండాలి.

ఇదే పద్ధతి అదే చర్చిలోని గుమ్మటానికి పనికిరాదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ గుమ్మటమూ అబద్ధమే: చదునైన గుడ్డ మీద 1685లో గీసిన బొమ్మ. దీన్ని సూటిగా కింద నుంచి కాక, హాల్లో ఉన్న రెండో బిళ్ల నుంచి ఏటవాలుగా చూడటానికి గీశారు. ఆ బిళ్ల దాటి బలిపీఠం వైపు నడిచేకొద్దీ గుమ్మటం వంకర తిరిగి ఒక పక్కకి జారిపోతుంది. కాబట్టి రెండో బిళ్ల మీద నిలబడి, ముందుకి, పైకి చూస్తూ తీయండి. గుడ్డ ముదురు రంగు, చుట్టూ ఉన్నది లేత రంగు. కెమెరా లేత రంగుని కొలిచి గుమ్మటాన్ని నల్లటి గుంతలా చేస్తుంది. స్పాట్ మీటరింగ్ (వెలుతురును ఒక్క చోటే కొలిచే పద్ధతి) పెట్టండి లేదా ఫోన్ తెర మీద గుమ్మటాన్నే నొక్కి వెలుతురు సరిచేయండి.

పైకప్పు చూడటానికి చర్చిలో పెట్టే అద్దం మీదికి వంగి తీసే ఫొటోల సంగతి: ఫోకస్ తరచూ అద్దం మీది దుమ్ము మీదో చట్రం మీదో కూర్చుంటుంది. అద్దంలో కనిపించే బొమ్మ మీద నొక్కండి. ఫొటో ఎడమ కుడీ తారుమారుగా వస్తుంది కాబట్టి తర్వాత ఫ్లిప్ చేయడం మరవొద్దు.

సాన్ కార్లోలో గుమ్మటం గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. దాని పొడుగు గుమ్మం నుంచి బలిపీఠం వైపు ఉంటుంది. ఫ్రేము పొడుగునూ అటే తిప్పండి, లేదంటే రెండు కొసలూ తెగుతాయి. లోపలంతా తెల్లటి గచ్చు కావడంతో కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌లో (ఫొటో వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 ఈవీ ఇవ్వండి. రోమ్‌లో ఇలాంటి చిన్న చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసి 3-4 గంటలకి తెరుస్తారు, వెళ్లేముందు వేళలు చూసుకోవాలి.

లోపల తీసినవన్నీ మసకే

రెండు రకాల మసక ఉంటుంది, ముందు ఏదో తేల్చుకోండి. ఫొటో పెద్దది చేసి చూసినప్పుడు ప్రతి అంచూ ఒకే దిక్కున సాగితే చెయ్యి వణికినట్టు. ఒక భాగం బాగుండి మరొకటి మెత్తబడితే ఫోకస్ తప్పినట్టు.

చెయ్యి వణకడానికి మూలం చాలాసార్లు అనవసరంగా ఎఫ్ 11 పెట్టడం, అంటే లెన్సు రంధ్రాన్ని మరీ చిన్నది చేయడం. ఫుల్‌ఫ్రేమ్ మీద 24 మి.మీ. లెన్సు ఎఫ్ 4 దగ్గర దూరానికి ఫోకస్ చేస్తే సుమారు 5 మీటర్ల నుంచి అవతలిదంతా స్పష్టంగా వస్తుంది. పైకప్పు అంతకంటే చాలా ఎత్తులో ఉంటుంది. ఎఫ్ 4, 1/30 సెకను, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురుకి స్పందించే స్థాయి) 1600 నుంచి 3200. స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి వదిలి, వరసగా మూడు తీస్తే మధ్యది బాగుంటుంది, ఎందుకంటే బటన్ నొక్కేటప్పుడూ వదిలేటప్పుడూ కెమెరా కదులుతుంది. ఐఎస్‌ఓ వల్ల వచ్చే గింజలు తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన ఫొటోకి మందు లేదు. ఫ్లాష్ జోలికి పోవద్దు. చాలాచోట్ల నిషేధం, పైగా ఇరవై మీటర్ల ఎత్తుకి దాని వెలుగు చేరదు.

ఫొటో మీద అడ్డంగా చారలు

దీపాల మినుకు ఇది. ఇటలీ, ఆస్ట్రియా, భారత్ మూడుచోట్లా కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్‌లో సెన్సర్ వరస వరసగా చదువుతుంది కనక ఆ మినుకే చారలవుతుంది. షట్టర్‌ని 1/100, 1/50, 1/25లలో ఒకటి చేయండి, కుదిరితే మెకానికల్ షట్టర్‌కి మారండి. అమెరికా నుంచి వచ్చేవాళ్లు మరో సంగతి చూసుకోవాలి: అక్కడ 60 హెర్ట్జ్ కాబట్టి కెమెరా వీడియో సెట్టింగు దానికే ఉంటుంది, 1/60 దగ్గర తీసిన వీడియోలు ఇక్కడ అలలు కొడతాయి. ఫ్లికర్ సెట్టింగు 50కి మార్చండి.

బలిపీఠం బంగారం నారింజ ముద్దగా మారింది

పసుపు దీపాల కింద బంగారు పూతలో ఎరుపు చానల్ మిగతావాటికంటే ముందే నిండిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్ బాగానే ఉందని చెబుతుంది, మోసపోవద్దు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి ఎరుపు కుడి గోడకి తగలకుండా మైనస్ 0.7 ఈవీ దాకా తగ్గించండి, రా (RAW) ఫార్మాట్‌లో తీయండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా 3200 కెల్విన్ దగ్గర పెడితే బంగారం బంగారంలా ఉంటుంది. కిటికీల పగటి వెలుతురు 5500 ప్రాంతం కాబట్టి అవి నీలంగా వస్తాయి, తర్వాత ఆ భాగం వరకే బ్రష్‌తో వెచ్చబరచాలి.

రోమ్‌లో సాన్ లూయిజి చర్చిలోని చిత్రకారుడు కరవాజ్జో బొమ్మల లాంటి వాటికి నాణెం వేస్తే వెలిగే దీపాలు ఉంటాయి, కాసేపటికి ఆరిపోతాయి. సెట్టింగులన్నీ పెట్టుకున్నాకే నాణెం వేయండి. వార్నిష్ మీద దీపం తెల్లటి మచ్చగా మెరిస్తే ఓ రెండడుగులు పక్కకి జరిగి ఏటవాలుగా తీసి, వంకరను సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు.

రోమ్‌లోని త్రెవీ ఫౌంటెన్ ముందు తలలు తప్ప ఏమీ కనపడవు

తెల్లవారుజామున వెళ్లడమే అన్నిటికంటే మంచి ఉపాయం. అది కుదరకపోతే, కెమెరాను గట్టు మీద కదలకుండా ఆనించి 10 సెకన్లకొకటి చొప్పున 15 ఫొటోలు తీసి, ఫోటోషాప్‌లో స్టాటిస్టిక్స్ స్క్రిప్టులో ‘మీడియన్’ ఎంచుకోండి. కదిలిన మనుషులు మాయమవుతారు, సెల్ఫీ కోసం కూర్చుండిపోయినవాళ్లు మిగులుతారు. లెన్సులోకి వచ్చే వెలుతురుని వెయ్యో వంతుకి తగ్గించే 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ ఉంటే 1/60 సెకను దాదాపు 17 సెకన్లవుతుంది, జనం పొగలా కరిగిపోతారు, నీళ్లూ పాలలా మారతాయి. నీటి ధార తీరు కనిపించాలంటే మాత్రం పావు సెకను నుంచి అర సెకను చాలు.

ఫొటో అంతా పాలపొర కప్పినట్టుంది

లెన్సు మీద చెమ్మ. గోవాలో ఏసీ కారులోంచి దిగి వెంటనే తీస్తే వేడి గాలిలోని తేమ చల్లటి గాజు మీద పేరుకుంటుంది. వియన్నా చలికాలంలో బయటి చలి నుంచి వెచ్చటి చర్చిలోకి వెళ్లినా అదే జరుగుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. లోపలికి వెళ్లే ముందే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసి, 20-30 నిమిషాలు బ్యాగులోనే ఉంచండి. చెమ్మ కవరు మీద పడుతుంది, గాజు మీద కాదు. గోవాలోనైతే బసిలికా చేరడానికి అరగంట ముందే కెమెరా బ్యాగును ఏసీ తగలని డిక్కీలోకి మార్చేయండి.