మామిడి గుజ్జుకు కస్టమ్స్ కోడ్ ఎలా నిర్ణయించాలి

చిత్తూరు, కృష్ణగిరి ప్రాంతాల ఫ్యాక్టరీల నుంచి పీపాల్లోనూ డబ్బాల్లోనూ విదేశాలకు వెళ్లే తోతాపురి మామిడి గుజ్జుకు షిప్పింగ్ బిల్లులో (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రంలో) ఏ కోడ్ రాయాలో తేల్చుకునేటప్పుడు చాలామంది సరుకు పేరును పట్టుకుని టారిఫ్ పుస్తకంలో, అంటే సరుకుల కోడ్‌ల జాబితాలో, వెతుకుతారు. తగాదాలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. ఇన్వాయిస్‌లో పల్ప్ అని రాసినా, ప్యూరీ అని రాసినా, కాన్సంట్రేట్ అని రాసినా, కస్టమ్స్ అధికారి చూసేది ఆ పండు ఫ్యాక్టరీలో ఏ ప్రక్రియలకు లోనైందన్న విషయాన్నే. కాబట్టి టారిఫ్ తెరవడానికి ముందు ఉత్పత్తి విభాగం నుంచి ప్రాసెస్ ఫ్లో చార్టు తెప్పించుకోవాలి.

సరుకులను అంకెలతో వర్గీకరించడానికి ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే హెచ్‌ఎస్ (హార్మొనైజ్డ్ సిస్టమ్) విధానంలో మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఉమ్మడి. ఆ తర్వాతి అంకెలను ఎవరికి వారు చేర్చుకుంటారు. భారత్ ఎనిమిది అంకెలు వాడితే అమెరికా పది అంకెలు వాడుతుంది. అందువల్ల ముందు ఆరు అంకెలు సరిగ్గా తేల్చుకుని, ఆ తర్వాతే ఎగుమతి చేసే దేశం, దిగుమతి చేసుకునే దేశం ఉపవిభాగాలకు వెళ్లాలి.

కోడ్‌లోని మొదటి రెండు అంకెలు అధ్యాయాన్ని, మొదటి నాలుగు అంకెలు శీర్షికను సూచిస్తాయి. పరిశీలన ఎప్పుడూ పండ్లకు చెందిన 8వ అధ్యాయం నుంచి మొదలుపెట్టాలి. ఆ అధ్యాయంలోని ప్రక్రియలతో నిల్వచేసిన పండ్లు, తయారుచేసిన పండ్ల ఉత్పత్తులుండే 20వ అధ్యాయంలోకి రావని 20వ అధ్యాయపు మొదటి గమనికే చెబుతోంది. ఉడికించని గుజ్జును వేరే ఏ తయారీకీ లోను చేయకుండా గడ్డకట్టించి పంపితే, పంచదార కలిపినా కలపకపోయినా, దాని స్థానం 0811. గుజ్జును మెత్తగా, ఏకరీతిగా చేసినంత మాత్రాన అది 20వ అధ్యాయానికి మారదని హెచ్‌ఎస్ వివరణ గమనికలు స్పష్టం చేస్తున్నాయి.

అసలు చిక్కు 20వ అధ్యాయంలోని 2007, 2008 శీర్షికల మధ్య ఉంటుంది. 2008 అంటే వేరే చోట చేరని, ఇతర విధాలుగా తయారుచేసిన లేదా నిల్వచేసిన పండ్లు. జామ్‌లు, ఫ్రూట్ జెల్లీలు, మార్మలేడ్లు, పండ్ల ప్యూరీలు, పేస్టులు 2007లోకి రావాలంటే అవి ‘వండి తయారుచేసినవి’ అయి ఉండాలి. వండటం అంటే ఏమిటో 20వ అధ్యాయపు 5వ గమనిక నిర్వచించింది: నీటి శాతాన్ని తగ్గించడం ద్వారా గానీ, మరో మార్గంలో గానీ సరుకు చిక్కదనాన్ని పెంచడానికి, సాధారణ వాతావరణ పీడనం వద్ద లేదా తగ్గించిన పీడనం వద్ద వేడి చేయడం. వేడి తగిలినంత మాత్రాన వండినట్టు కాదన్న ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం పని పూర్తయినట్టే. పండును కడిగి, టెంక తీసి, జల్లెడ పట్టి, సూక్ష్మజీవులు నశించేంత వరకు పాశ్చరైజ్ చేసి, ఎసెప్టిక్ (సూక్ష్మజీవులు లేని) సంచుల్లో నింపిన మామూలు గుజ్జులో వేడి ఉద్దేశం నిల్వ మాత్రమే. దాని చిక్కదనం పెంచడం కాదు. అటువంటి సరుకు సాధారణంగా 2008.99 కిందికి వెళ్లాలి. అదే గుజ్జును వాక్యూమ్ ఇవాపరేటర్‌లో (తగ్గించిన పీడనం వద్ద) నీరు ఇగిరించి 28 బ్రిక్స్‌కు (బ్రిక్స్ అంటే గుజ్జులో కరిగి ఉన్న చక్కెర వంటి పదార్థాల కొలత) చేరిస్తే 5వ గమనిక షరతు నెరవేరి 2007.99 అవుతుంది. అందుకే వేడి చేయక ముందు, చేసిన తర్వాత ఉన్న బ్రిక్స్ అంకెలు రెండూ బ్యాచ్ రికార్డులో ఉండాలి. ఒక్క తుది అంకెతో ఏదీ రుజువు కాదు.

చెక్కెరపాకంలో ఊరబెట్టి, పాకాన్ని వడగట్టిన టూటీఫ్రూటీ వంటివి 2006 కాగా, పాకంతోనే డబ్బాలో నింపిన పండు 2008. పసిపిల్లల కోసం 250 గ్రాములకు మించని చిల్లర ప్యాకుల్లో అమ్మే మెత్తటి వండిన ప్యూరీకి 2007.10 ఉంది, 2007లోని మిగతా ఉపశీర్షికలన్నిటి కంటే దానికే ప్రాధాన్యం. గుజ్జులో నీరు కలిపి పానీయంగా మార్చితే 2202ను పరిశీలించాలి.

ఐరోపా సమాఖ్యకు పంపేవారు ఇంకో మెట్టు ఎక్కాలి. అక్కడ 2007.99ను పంచదార శాతం 13కు లోపా, 13 నుంచి 30 వరకా, 30కి పైనా అని విడదీస్తారు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద రిఫ్రాక్టోమీటర్ (బ్రిక్స్ కొలిచే పరికరం) చూపిన అంకెను 0.95తో గుణించి ఈ శాతాన్ని లెక్కగడతారు. 28 బ్రిక్స్ కాన్సంట్రేట్‌కు ఇది 26.6 శాతం, 32 బ్రిక్స్ అయితే 30.4 శాతమై పై శ్రేణిలో పడుతుంది. పంచదార విడిగా కలపలేదని వాదించినా ఈ లెక్క మారదు. కొనుగోలుదారు రెండు బ్రిక్స్ ఎక్కువ అడిగినప్పుడు ధర కంటే ముందు ఈ 30 శాతం గీతను చూసుకోవడం మంచిది.

మన టారిఫ్‌లో మరో తిరకాసు ఉంది. 2007 99 10 మామిడికి కేటాయించి ఉండగా, 0804 50 40 దగ్గర ‘మామిడి గుజ్జు’ అని నేరుగా రాసి ఉంది. అయితే 0804 తాజా లేదా ఎండిన పండ్ల శీర్షిక. పేరు కనిపించింది కదా అని ఆ కోడ్‌ను ఎంచుకోవడం నా దృష్టిలో తొందరపాటే, ఎందుకంటే ఉపవిభాగంలోని మాటలు శీర్షిక పరిధిని దాటలేవు. ఆత్రేయపురం మామిడి తాండ్ర విషయంలోనూ ఇలాంటి సందేహమే కలుగుతుంది: రసాన్ని పొరలుపొరలుగా ఎండలో ఆరబెట్టడం 5వ గమనిక చెప్పిన వండటం అవుతుందా అన్నది వాదించదగిన ప్రశ్న.

ఇటువంటి సందేహాలు ఉన్నప్పుడు సరుకు ఓడ ఎక్కాక వాదించడం కంటే ముందే నిర్ణయం కోరడం చవక. భారత్‌లో ఢిల్లీ, ముంబైలలోని కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఐరోపాలో బైండింగ్ టారిఫ్ ఇన్ఫర్మేషన్ (కస్టమ్స్ కట్టుబడి ఉండే కోడ్ నిర్ణయం) తీసుకుంటే అది మూడేళ్లు చెల్లుతుంది. అమెరికా కస్టమ్స్ తన పాత నిర్ణయాలను ఆన్‌లైన్‌లో ఉంచింది కనుక అక్కడి దిగుమతిదారు వాటిని ఉచితంగా వెతకవచ్చు. దరఖాస్తుకు ఫ్లో చార్టు, ఉష్ణోగ్రత, వేడి చేసిన సమయం, ముందు వెనుకల బ్రిక్స్, కలిపిన పదార్థాల శాతాలు, ప్యాకింగ్ బరువు జతచేయాలి. ఇన్వాయిస్, లేబుల్, ల్యాబ్ నివేదిక మూడింటిలోనూ సరుకు వర్ణన ఒకే మాటల్లో ఉండేలా చూసుకోవాలి. లేబుల్‌పై ‘కాన్సంట్రేట్’ అని ఉండి షిప్పింగ్ బిల్లులో ‘పల్ప్’ అని ఉంటే, కోడ్ సరైనదే అయినా కంటైనర్ రేవులో ఆగిపోయే ప్రమాదం ఉంది.